చాలదు, పది సీసాలు

తింటోంది, పెరుగుతోంది, మళ్లీ తింటోంది. పని మాత్రం చెయ్యడం లేదు. మూడు నెలలుగా మా మహాతల్లి వరస ఇదే.

మహాతల్లి అంటే మా అత్తగారు కాదు. ఆవిడ గురించి చెప్పడం మొదలుపెడితే ఈ కథ తెమలదు. ఇది మట్టిలో బతికే ఒక బ్యాక్టీరియా. తొమ్మిదేళ్ల క్రితం మా ల్యాబు వెనకాల, కారుతున్న కొళాయి కింద చెంచాడు మట్టి తీసి, అందులోని వందల రకాల్లోంచి దీన్ని వేరుచేసి పెంచింది నేనే. రిజిస్టరులో దీని పేరు నలభై ఏడు. మామూలు మందులకు లొంగని మొండి క్రిముల మీద ఇది తన సొంత మందు వదులుతుంది. ఆ మందు నీలంగా ఉంటుంది. ఫ్లాస్కు నీలంగా మారిందంటే మందు తయారైనట్టు. తెల్లగా ఉండిపోయిందంటే నా మొహంలాగే ఉన్నట్టు.

పదమూడు వారాలుగా తెల్లగానే ఉంది. ఒక్క చుక్క నీలం లేదు.

వచ్చే శుక్రవారం సమీక్ష. బయటినుంచి ముగ్గురు పెద్దవాళ్లు వస్తారు. వాళ్లకు నీలం చూపించగలిగితే పని కొనసాగుతుంది. చూపించలేకపోతే నా గదికి తాళం పడుతుంది, నలభై ఏడును ఆటోక్లేవులో ఉడికించి పారబోస్తారు, నన్ను స్టోర్సులో గాజుసామాను అలమారలకు కాపలా పెడతారు. ఈ మాట మా ల్యాబు పెద్ద, మేడం, నాతో చాలా మర్యాదగా చెప్పింది. మర్యాదగా చెప్పడం వల్ల ఇంకా ఒళ్లు మండింది.

నేనేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మొదట నీళ్లు బాగాలేవని గొడవపెట్టి ఫిల్టర్లన్నీ మార్పించాను. తరవాత ఇంకుబేటర్ వేడి తేడాగా ఉందని గొడవ. ఆ తరవాత ఫ్లాస్కుల్ని తిప్పే షేకర్ మీద పడ్డాను. మా మెకానిక్‌ను అందరూ స్పానర్ అంటారు. ఆయన గడియారం పట్టుకుని నిలబడి, ఆ తిరుగుడు లెక్కపెట్టి, "నిమిషానికి రెండొందల చుట్లమ్మా, సరిగ్గానే ఉంది. తేడాగా తిరుగుతోంది మీ బుర్రొక్కటే," అన్నాడు. ఆయన మీద కూడా ఒక ఫిర్యాదు రాయబోయి ఆగాను. ఆఖరికి మహాతల్లికే వయసు మళ్లిందేమో, మందు చేసే విద్య మరిచిపోయిందేమో అని, తొమ్మిదేళ్ల నాడు దాచిన అసలు సీసాను ఫ్రీజరులోంచి తీసి కొత్తగా పెంచాను. అదీ అంతే. దిట్టంగా, తెల్లగా, హాయిగా పెరిగింది. నీలం ఊసే లేదు.

"కూర్చోబెట్టి మేపుతున్నాను కదా, ఒక్క చుక్క వదలడానికి ఏం రోగం దీనికి?" అన్నాను ఆ శనివారం పొద్దున, ఇంట్లో కోటు తొడుక్కుంటూ.

మా ఆయన దర్జీ. మిషను మీద నుంచి తల ఎత్తకుండా, "నీకు భయపడి ఉంటుంది," అన్నాడు.

ఆ కోటు సంగతి కూడా చెప్పాలి. నా తెల్లకోటు చేతులు కాస్త పొడుగయ్యాయని, కిందటి నెల దాని మీద 'పొడుగు' అని చీటీ గుచ్చి ఆయన మిషను పక్కన పెట్టి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి మడతలు విప్పేసి ఇంకో రెండంగుళాలు పొడిగించి పెట్టాడు. అప్పటినుంచి నా వేళ్లు బయటికి కనబడవు.

"పొడుగు అంటే పొడుగైందని అర్థం. ఆ మాత్రం తెలియదా మీకు?" అని ఆ రోజు అరిచాను.

"పొడుగు చెయ్యమన్నావనుకున్నాను. నీకు నోరు లేదా? పక్కగదిలో ఉండేవాడికి చీటీలేంటి?" అన్నాడు. 

సరిచేసిస్తానన్నాడు కానీ నేనే ఇవ్వలేదు. నాకు కోపం వస్తే ఎదుటివాళ్లు నష్టపోవాలి కదా, ఎప్పుడూ నేనే నష్టపోతాను.

ఆ చేతులు మడుచుకుంటూనే ఆ శనివారం ల్యాబుకు వెళ్లాను. స్పానర్ అక్కడే ఏదో బిగిస్తున్నాడు. తెల్లటి ఫ్లాస్కుల కేసి చూసి, "అన్నీ నన్ను చూడమంటారు. దానికి పెట్టే మేత చూశారా ఎప్పుడైనా?" అన్నాడు.

మేత అంటే బ్యాక్టీరియాకు పెట్టే పోషక ద్రవం. మా ల్యాబులో అందరం అలాగే అంటాం. అది కలిపే చోటు మేత గది. "నువ్వు బిగించేది బిగించు," అని ఆయన మీద విసుక్కున్నాను. కానీ ఆయన వెళ్లాక, ఎందుకో మనసు ఊరుకోక, ఐదు రోజులు పెరిగిన ఒక ఫ్లాస్కులోంచి ద్రవం తీసి ఫాస్ఫేటు పరీక్ష చేశాను. ఐదో రోజుకి అందులో ఫాస్ఫేటు అయిపోయి ఉండాలి. అయిపోతే పరీక్షలో రంగు రాదు. ఉంటే నీలం వస్తుంది.

నీలం వచ్చింది. సిరా పోసినట్టు వచ్చింది. పదమూడు వారాలుగా నేను మొహం వాచి ఎదురుచూస్తున్న నీలం, రావలసిన ఫ్లాస్కులో రాకుండా, రాకూడని గొట్టంలో వచ్చి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడ మహాతల్లి స్వభావం కొంచెం చెప్పుకోవాలి. కడుపు నిండా తిండి ఉన్నంత కాలం దానికి పెరగడం తప్ప ఇంకో ధ్యాస ఉండదు. తిండి తగ్గుతోందని తెలిసినప్పుడే, ముఖ్యంగా ఫాస్ఫేటు అడుగంటినప్పుడే, కంగారు మొదలవుతుంది. ఉన్న కాస్తా పక్కవాళ్లు తినిపోకుండా వాళ్ల మీదికి మందు వదలాలి. ఒక్కటి వదిలితే ఏ మూలకీ రాదు. అందుకని ప్రతి కణమూ ఒక చిన్న సంకేతపు పదార్థాన్ని బయటికి వదులుతూ ఉంటుంది. నేనున్నాను, నేనున్నాను అని చెప్పుకోవడం అన్నమాట. గుంపు పెరిగేకొద్దీ ఆ సంకేతం చిక్కబడుతుంది. మందు తయారుచేసే జన్యువు మీద ఒక కాపలా ప్రోటీను కదలకుండా కూర్చుని ఉంటుంది. సంకేతం చిక్కబడి దాన్ని తాకగానే లేచి పక్కకి తప్పుకుంటుంది. అప్పుడు అన్నీ కలిసి ఒక్కసారిగా నీలం వదులుతాయి. ఆకలీ ఉండాలి, ఆ కబురూ అందాలి. రెంటిలో ఏది తప్పినా మందు లేదు.

అందుకే నేను రెండు రకాల మేత వాడతాను. మొదట నిండు మేత పెట్టి బాగా పెంచడం, తరవాత ఫాస్ఫేటు చిటికెడే ఉన్న రెండో రకంలోకి మార్చి కడుపు మాడ్చడం. ఈ రెండో రకానికి నా నోట్సులో తొమ్మిదేళ్లుగా ఒక ముద్దుపేరు ఉంది. చాలదు. తిండి చాలని మేత కాబట్టి చాలదు.

తొమ్మిదేళ్లూ ఆ మేత నా చేత్తో నేనే కలుపుకున్నాను. మూడు నెలల క్రితం మేడం కొత్త పద్ధతి పెట్టింది. ఇక ఎవరి మేత వాళ్లు కలుపుకోకూడదు, అందరికీ మేత గదిలో పిన్నే కలుపుతుంది అంది. నేను అలిగాను. నా మహాతల్లి మేత ఇంకొకరు కలపడమేంటని మొహం మాడ్చుకుని, ఒక కార్డు మీద రెండు రకాల కొలతలూ రాసి పంపేసి ఊరుకున్నాను. ఆ తరవాత ప్రతి సోమవారం ఒక చీటీ రాసి వరండాలో డబ్బాలో పడేసేదాన్ని. సాయంత్రానికి ట్రాలీ మీద సీసాలు వచ్చేవి. నా గదికీ మేత గదికీ మధ్య పద్నాలుగు అడుగులు. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆ పద్నాలుగు అడుగులూ నడవలేదు.

శనివారం మేత గదికి సెలవు. ఆదివారమంతా ఇంట్లో గిన్నెలు గట్టిగా పెడుతూ గడిపాను. సోమవారం పొద్దున్నే, పరీక్ష చేసిన గొట్టం చేత్తో పట్టుకుని, ఆ గదిలోకి దూసుకుపోయాను.

ల్యాబు మొత్తం ఆవిడను పిన్ని అనే పిలుస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆ గదిలో ఉంది. కళ్లజోడుకు దారం కట్టి మెళ్లో వేసుకుంటుంది. కాగితం వృథా చెయ్యదు, పాత కాగితాలు కత్తిరించి వెనకవైపు రాసి సీసాలకు లేబుళ్లుగా కడుతుంది. నేను వెళ్లేసరికి త్రాసు ముందు వంగి, ఊపిరి బిగబట్టి ఏదో తూస్తోంది.

"రెండో రకంలో ఫాస్ఫేటు ఎంత వేస్తున్నావు పిన్నీ?" అన్నాను, గుమ్మంలోంచే.

ఆవిడ ఉలిక్కిపడింది. చేతిలో చెంచా కింద పెట్టి నా వైపు తిరిగింది.

"లీటరుకు మూడున్నర గ్రాములు చేశాను తల్లీ," అంది. "ఇంకా చాలదా?"

"మూడున్నర గ్రాములా! కార్డులో ఎంతుంది? చిటికెడు! నీకు కళ్లు కనబడటం లేదా?"

"కార్డులో అంతే ఉంది. నువ్వే కదా చాలదన్నావు."

"నేనెప్పుడన్నాను?"

ఆవిడ గోడకున్న మేకుకు గుచ్చిన చీటీల కట్ట తీసి నా ముందు పెట్టింది. పదమూడు చీటీలు. అన్నిటి మీదా నా గీతలే. అన్నిటి మీదా ఒకటే మాట.

'రెండో రకం చాలదు పది సీసాలు.'

కామా లేదు, గీత లేదు, దండం లేదు. నేను రాసింది, చాలదు అనే పేరున్న రెండో రకం మేత పది సీసాలు పంపమని. ఆవిడ చదివింది, రెండో రకంలో కొలత చాలదు, పెంచి పది సీసాలు పంపు అని. ఆ ముద్దుపేరు నా నోట్సులో తప్ప భూప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

ప్రతి చీటీ అంచున పిన్ని గుండ్రటి రాతలో ఒక అంకె ఉంది. అర గ్రాము. ముప్పావు. ఒకటి. ఒకటింబావు. వారం వారం పెంచుకుంటూ వచ్చింది. చక్కెర కూడా పెంచిందట, ఆ బ్యాక్టీరియా పిల్లలు నీరసంగా ఉన్నాయేమోనని.

"ముప్పై ఏళ్లు, అమ్మాయ్," అంది పిన్ని. "ఈ చేత్తో తూచింది చాలదని ముప్పై ఏళ్లలో ఒక్కళ్లు అనలేదు. నువ్వు పదమూడు వారాలు వరసగా అన్నావు. బాగున్నావా అని లేదు, పిన్నీ అని లేదు, చాలదు. మళ్లీ సోమవారం చాలదు. ముల్లు సరిగ్గా కనబడటం లేదేమో, చెయ్యి వణుకుతోందేమో అనుకుని ఒక్కోటీ నాలుగేసిసార్లు తూచాను. ఇక నా వల్ల కాదనుకున్నాను."

సొరుగు లాగి, కత్తెర కిందున్న కాగితం తీసి చూపించింది. పని మానేస్తానని మేడంకు రాసిన ఉత్తరం. చేతి కొలత తప్పుతోందట, తన వల్ల ఒకరి పని పాడవుతోందట. శుక్రవారం సమీక్ష అయ్యాక ఇద్దామని దాచిందట.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆ చాలదు ఏమిటో, అది పేరెలా అయిందో చెప్పాను. చెబుతూ ఉంటే నాకే సిగ్గేసింది. మధ్యలో మా ఆయన పొడుగు చేసిన కోటు సంగతి కూడా బయటపడింది. పిన్ని నా చేతుల కేసి చూసింది. వేళ్లు కనబడటం లేదు కదా.

"పద్నాలుగు అడుగులు," అంది. "నడిచి వచ్చి ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు మాత్రం వచ్చి అడగొచ్చు కదా!" అన్నాను. తప్పు నాదైనా నా నోరు ఊరుకోదు.

"నేనెందుకొస్తాను? చాలదన్నది నువ్వు."

నేను కార్డు తీసి రెండో రకం కొలత చూపించాను. "అయితే దాన్ని పస్తులు పెడితేనే పని చేస్తుందా? ఆ పస్తులు నా చేత్తో పెట్టాలా?" అంది పిన్ని. మహాతల్లి స్వభావం మొత్తం చెప్పాను, ఆకలి సంగతీ, కబురు సంగతీ.

"ఒకదానికొకటి చెప్పుకుంటాయా అవి?"

"చెప్పుకుంటాయి."

"కళ్లు లేవు, నోరు లేదు. అయినా చెప్పుకుంటాయి," అంది పిన్ని, త్రాసు తుడుస్తూ. "మనకంటే నయం."

ఆ పూటే ఇద్దరం కలిసి పది సీసాలు కలిపాం. ఆవిడ తూచింది, నేను కార్డు చదివాను. ఫాస్ఫేటు దగ్గరకొచ్చేసరికి ఆవిడ చెయ్యి ఒకసారి ఆగింది. "ఇంతేనా? నిజంగా?" అంది. "ఇంతే," అన్నాను. అంత తక్కువ పెట్టడానికి ఆవిడ ప్రాణం ఒప్పలేదని తెలుస్తూనే ఉంది. అయినా ముల్లు సరిగ్గా గీత మీద నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు.

మంగళవారం తెలుపు. బుధవారం తెలుపు. గురువారం సాయంత్రం ఇంటికి వెళ్లేముందు చూస్తే తెలుపు. మామూలుగా నాలుగో రోజుకు వస్తుంది, కానీ పదమూడు వారాలు బాగా తిని బలిసిన దానికి ఆకలి ఎప్పుడేస్తుందో ఎవరికి తెలుసు? నేను దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

శుక్రవారం పొద్దున కోటు కూడా తొడుక్కోకుండా షేకర్ మూత ఎత్తాను. మొదటి ఫ్లాస్కు తెలుపు. నా పని అయిపోయిందనుకున్నాను. రెండోది అంచుల్లో లేత ఊదా. మూడోది నీలం. నాలుగు, ఐదు, ఆరు, ఒకదాన్ని మించి ఒకటి నీలం. పదింట్లో రెండు మొండికేశాయి, ఎనిమిది వచ్చాయి. షేకర్ ముందే నేల మీద కూర్చుని ఏడ్చాను. స్పానర్ చూసి, షేకర్ పాడయిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

పదకొండింటికి ముగ్గురు పెద్దవాళ్లూ వచ్చారు, మేడం వచ్చింది. ఫ్లాస్కులు వెలుతురుకు పట్టుకుని చూశారు, తలలు ఊపారు. తరవాత వాళ్లలో ముసలాయన, "మరి పదమూడు వారాలు ఎందుకు రాలేదు? కారణం రిపోర్టులో రాయాలి," అన్నాడు.

మేడం నా వైపు చూసింది. సరిగ్గా అప్పుడే పిన్ని ట్రాలీతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. మేత గదిలో పొరపాటు జరిగిందని ఒక్క మాట అంటే చాలు. అబద్ధం కూడా కాదు, ఫాస్ఫేటు ఎక్కువైంది అక్కడే కదా. నా గది నిలబడుతుంది, నా పరువు నిలబడుతుంది.

"కారణం ఇది," అని జేబులోంచి నా చీటీ ఒకటి తీసి గట్టిగా చదివాను. "రెండో రకం చాలదు పది సీసాలు. చాలదు అన్నది ఆ మేతకు నేను పెట్టుకున్న పేరు. రాసింది నేను. కలిపిన మనిషి నా మాట అక్షరం తప్పకుండా విన్నది. ఏం రాస్తున్నానో చూసుకోనిదాన్ని నేనే. వెళ్లి అడగనిదాన్ని కూడా నేనే."

ముసలాయనకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తరవాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. మేడం నవ్వలేదు. "మూడు నెలలు!" అంది, పళ్ల బిగువున. "ఇంకో ఏడాది ఇస్తున్నాం. ఇక మీదట మీ చీటీలన్నీ పూర్తి వాక్యాల్లో ఉండాలి." నేను తలకాయ ఊపి గుమ్మం వైపు తిరిగేసరికి ట్రాలీ ఉంది, పిన్ని లేదు.

సాయంత్రం మేత గదికి తాళం వేసి ఉంది. ఆ ఉత్తరం ఇచ్చేసిందో లేదో తెలియదు. మేడంను అడుగుదామంటే, ఇవ్వకపోతే నేనే బయటపెట్టినట్టు అవుతుంది. ఆదివారం ఇంట్లో కూర్చుని చీటీ రాశాను. పిన్నీ, ఎలా ఉన్నావు అని మొదలుపెట్టి, రెండో రకం అంటే ఏమిటో, ఎంత కావాలో, ఎందుకంత తక్కువో, సోమవారం ముల్లు ఎంత సరిగ్గా నిలబడిందో, అన్నీ పూర్తి వాక్యాల్లో రాసుకుంటూ పోతే కాగితానికి రెండు వైపులా నిండింది. మా ఆయన చదివి, "దీనికంటే వెళ్లి కాళ్లు పట్టుకో, తొందరగా అవుతుంది," అన్నాడు. సోమవారం పొద్దున డబ్బాలో వేశాను. ఎదురుపడే ధైర్యం లేక.

సాయంత్రం ట్రాలీ నా గది ముందు ఉంది. పది సీసాలు. ప్రతిదానికీ దారంతో కట్టిన లేబులు, దాని మీద పిన్ని గుండ్రటి రాతలో 'చాలదు' అని ఉంది. ఒక లేబులు దారం వదులై తిరగబడి ఉంది. దాని వెనక 'నా చేతి కొలత ఇక' అని ఉంది. గబగబా రెండోది తిప్పాను. 'పని మానుకో'. మూడో దాని వెనక 'దయచేసి', నాలుగో దాని వెనక ఆవిడ సంతకంలో సగం. ఉత్తరం మొత్తం పది ముక్కలై నా సీసాల మెడలకు వేలాడుతోంది.

ట్రాలీ అడుగున నా చీటీ కూడా ఉంది, వెనక్కి పంపేసింది. దాని పైన ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట రాసింది.

'పొడుగు.'

తగ్గించమనా, ఇంకా రాయమనా? కోటు చేతులు మడుచుకుని, అడుగుదామని మేత గదికి బయల్దేరాను.